సెలవు లేని గ్రౌండు

"ధనశ్రీ! నువ్వు ఆగమాకు. ఇంకో రెండు రౌండ్లు కొట్టు!"

గ్రౌండు మధ్యలోంచి సత్తిరాజు అరిచిన అరుపుకి ధనశ్రీ తల తిప్పి చూడలేదు. చూస్తే నోటికొచ్చింది అనేస్తానని భయం. మిగతా అమ్మాయిలంతా పరుగు ముగించి, నడుముల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. తనొక్కతే మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లింది. ఎడమ మోకాలి కింద ముందెముక మీద ఎవరో మేకుతో గీరుతున్నట్టు నొప్పి. అది కొత్తది కాదు. వారాల తరబడి ఉన్నదే. మొదట్లో పరుగెత్తినప్పుడే వచ్చేది, ఇప్పుడు మెట్లు దిగినా వస్తోంది.

"నిన్నటికన్నా స్లో అయిపోనావు! బద్దకం! తొంగున్నోడి గేది దున్ననే ఈనుద్ది, తెలుసునా?" అన్నాడు సత్తిరాజు, తన ముందు నుంచి పోతున్న ఆమెతో. ఎవరో కిసుక్కున నవ్వారు. ధనశ్రీ పళ్లు బిగించింది.

సత్తిరాజు మిలటరీలో పనిచేసి వచ్చినవాడు. అనకాపల్లిలో శారదా నది గట్టుకి ఇవతల ఒక ఖాళీ జాగా అద్దెకు తీసుకుని, కానిస్టేబుల్ ఉద్యోగాల పరుగు పరీక్షకి తయారయ్యేవాళ్లకి శిక్షణ ఇస్తున్నాడు. అతని గ్రౌండులో ఆదివారం లేదు, పండగ లేదు. పొద్దున పరుగు, సాయంత్రం మళ్లీ పరుగు, మధ్యలో గుంజీళ్లు, గెంతులు. జ్వరమొచ్చి రానివాళ్ల పేరు మర్నాడు అందరి ముందు చదివి మరీ పరువు తీసేవాడు. వరసకి అతను ధనశ్రీ తల్లి కాసులమ్మకి పెద్దమ్మ కొడుకు. ఇంట్లో మావయ్య, గ్రౌండులో సార్.

అతను నమ్మిందే ధనశ్రీ కూడా నమ్మింది, అక్కడే వచ్చింది చిక్కంతా. కొండకర్లలో తండ్రి సూర్యనారాయణ చెరకు రైతు. కూతురు ఖాకీ బట్టలు వేసుకుంటుందని తోటలో కూలికి వచ్చినవాళ్ల దగ్గర్నుంచి బెల్లం కొనేవాళ్ల దాకా అందరికీ చెప్పి ఉంచాడు. కష్టపడితే చాలనుకుంది ధనశ్రీ. చేరిన కొత్తలో బ్యాచిలో అందరికన్నా ముందు ఆమే ఉండేది. తర్వాత తర్వాత వెనకబడింది. వెనకబడిన కొద్దీ సత్తిరాజు ఎక్కువ పరిగెత్తించాడు. ఎక్కువ పరిగెత్తిన కొద్దీ ఇంకా వెనకబడింది. ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. ముద్ద నోట్లోకి పోయేది కాదు. ఒళ్లు పులిసిపోయి పడుకుంటే నిద్ర రాకుండా గుండె దడదడలాడేది. నెలసరి ఆగిపోయి కూడా చాలా రోజులైంది. పరుగుకి అడ్డు లేదు, ఇదీ మంచిదే అనుకుని ఎవరికీ చెప్పలేదు.

ఒకటి మాత్రం విపరీతంగా పెరిగింది, కోపం. చెప్పులు అడ్డంగా ఉంటే కోపం, ఆటోవాడు హారన్ కొడితే కోపం. అన్నిటికన్నా ఎక్కువగా, తనతో పాటు గవరపాలెంలో గది పంచుకున్న ఇందు మీద.

ఇందుది మాకవరపాలెం. ప్రతి ఆదివారం సత్తిరాజుకి ఏదో ఒక అబద్ధం చెప్పి గదిలోనే ఉండిపోయేది. ఒక వారం అమ్మమ్మకి ఒంట్లో బాగోలేదు, ఇంకో వారం అన్నయ్యకి పెళ్లిచూపులు. తిని, బట్టలు ఉతుక్కుని, హాయిగా పడుకునేది.

"నీకు ఉద్యోగం అక్కర్లేదేటే? ఇలగ తొంగుంటే ఎవులిత్తారు?" అని ధనశ్రీ ఒకసారి దుప్పటి లాగేసింది.

"ఉద్యోగమూ కావాలి, కాళ్లూ కావాలి. నువ్వెల్లు, లేటైపోద్ది" అని ఇందు గోడ వైపు తిరిగి మళ్లీ దుప్పటి కప్పుకుంది.

పరీక్ష తేదీలు వచ్చిన వారంలోనే జరిగింది అది. లాంగ్ జంప్ అయ్యాక పదహారు వందల మీటర్ల పరుగు పెట్టించాడు సత్తిరాజు. మూడో రౌండు మలుపులో ధనశ్రీ ఎడమకాల్లో చెరకు గడ విరిచినట్టు ఏదో పుటుక్కుమంది. బోర్లా పడింది. అరిచేతులు చీరుకుపోయాయి.

సత్తిరాజు వచ్చి పైన నిలబడ్డాడు. వంగలేదు. "లే. నొప్పి కాల్లో ఉండదు, బుర్రలో ఉంటాది. లేచి పూర్తిసెయ్."

ఆమె లేచింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. నీకు చూపిస్తాను, నీ కళ్ల ముందే పూర్తి చేసి చూపిస్తాను అని లోపల తిట్టుకుంటూ ఆ మిగిలినదంతా పరిగెత్తింది. ఆ దూరమంతా కోపమే ఆమెని మోసింది. గీత దాటి కూర్చున్నాక ఆ కోపం ఆమెని దించేసింది, ఇక కాలు నేల మీద ఆనలేదు.

ఇందు ఆమె చేతిని తన భుజం మీద వేసుకుని నడిపించి, ఆటోలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఎముకల డాక్టరు, నడివయసు మనిషి. స్కానింగు చూసి, "పగులు. సన్నదే కానీ పగులే" అంది. "వారంలో ఎన్నాళ్లు పరిగెడతావు?"

"రోజూనండి. రెండు పూటలా. ఒక్కరోజు కూడా మానలేదు." చెబుతుంటే ధనశ్రీ గొంతులో ఆ నొప్పిలోనూ కాస్త గర్వం పలికింది.

డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసింది. "అదేనమ్మా నీ జబ్బు. పరిగెత్తితే బలం రాదు."

"మరెలగొస్తాదండి?"

"పరిగెత్తి పడుకుంటే వస్తుంది. పరుగులో ఎముక కొంచెం అరుగుతుంది, కండ కొంచెం చిరుగుతుంది. అది మామూలే. నువ్వు తిని నిద్రపోతే ఒళ్లు దాన్ని పూడ్చి, పాతదానికన్నా గట్టిగా కడుతుంది. ఆ కట్టే పని నువ్వు ఒక్కరోజు కూడా సాగనివ్వలేదు. రోజూ కూలగొట్టావు." తర్వాత గొంతు తగ్గించి నిద్ర గురించి, తిండి గురించి, నెలసరి గురించి అడిగింది. ధనశ్రీ చెప్పిన జవాబులకి ఆవిడ ముఖం ముడుచుకుంది. "ఇది కాలితో పోయేది కాదు. ఒళ్లంతా నీతో మొరపెట్టుకుంటోంది. రెండు నెలలు పరుగు మాటెత్తకు."

"పరీక్ష వచ్చే నెల్లోనేనండి."

"ఎముకకి నోటిఫికేషన్ తెలీదు" అంది డాక్టరమ్మ.

ఇందుని పట్టుకుని ఆస్పత్రి మెట్లు దిగుతుంటే ధనశ్రీకి ఏడుపు రాలేదు. ఒళ్లు భగ్గుమంది. ఇన్నాళ్లూ బద్ధకం, బద్ధకం అని తిట్టించుకున్నది పగులుతున్న ఎముకతోనన్నమాట. తిట్టినవాడి మీద ఒక కోపం, నవ్విన వాళ్ల మీద ఒక కోపం, నిజమేనేమో నేను బద్ధకస్తురాలినేనేమో అని నమ్మిన తన మీద అన్నిటికన్నా పెద్ద కోపం.

ఆ వారమే సత్తిరాజు కొండకర్ల వచ్చాడు. బండి దిగి, సంచిలోంచి కాలికి చుట్టే టేపు, నొప్పికి కొట్టే స్ప్రే తీసి అరుగు మీద పెట్టాడు. గది ఖాళీ చేసి ఇంటికి వచ్చేసిన ధనశ్రీ మంచం మీద కాలు చాపుకుని ఉంది. కాసులమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"డాక్టర్లు అలగే సెప్తారు బావా" అన్నాడు సత్తిరాజు సూర్యనారాయణతో. "నాకు తెలిసినోడున్నాడు. పరుగు ముందర ఇంజెక్సన్ ఒకటి పొడిత్తే ఆ పూటకి నొప్పి తెలీదు. గీత దాటేసిందంటే సాలు. తర్వాత ఎన్నాళ్లైనా తొంగోమను."

సూర్యనారాయణ కూతురి వైపు చూశాడు. ఆ చూపులో జాలి ఉంది, ఆశ కూడా ఉంది. "ఒక్కపూట ఓర్సుకోలేవేటమ్మా?"

"ఓర్సుకోలేను."

"ఒక్కపూటే కదా..."

"నాన, ఇన్నాళ్లూ ఓర్సుకుంటేనే కదా ఇరిగింది! నువ్వు మోళ్ల మీద మల్లీ సిగిర్సిన కార్శి పంట రెండుసార్లు కొట్టేక తోట తీసేసి, భూమి తెప్పరిల్లాలని ఒగ్గేత్తావా లేదా? నాకు ఆపాటి కూడా లేదా?"

"భూమికి నోరు లేదమ్మా" అన్నాడు సూర్యనారాయణ, ఆయనకీ కోపం వచ్చి. "నీకు బాగా ఉంది. ఊరందరికీ సెప్పేను. రేపు నాను ఎవుడికి ఏటని సెప్పాలి?"

"పగిలిపోనాదని సెప్పు. ఎవులు పగలగొట్టేరో కూడా సెప్పు."

సత్తిరాజు నవ్వాడు. "సూసేవా బావా? కాళ్ల కన్నా నోరు స్పీడు. నే ముందే సెప్పేను, ఈ గుంటకి బద్దకం..."

"అన్నియ్యా." కాసులమ్మ చేట పక్కన పెట్టింది. మామూలుగా ఆమె వీళ్ల మాటల్లో కలగజేసుకునే మనిషి కాదు. "నీ మోకాలు ఎలగ పోనాది?"

"అదిప్పుడెందుకే?"

"సెప్పు. మిలట్రీ నుంచి నిన్ను ఎందుకు పంపించేసేరు? అప్పుడు మీయమ్మ మా ఇంటికొచ్చి ఎలగ ఏడిసిందో నాను మర్సిపోలేదు."

సత్తిరాజు ముఖం నల్లబడింది. కాసేపు టేపు చుట్టని చేత్తో తిప్పాడు. ఆ మీదట ఒక్కసారిగా లేచి, కుడి మోకాలి మీద అరచేత్తో చరుచుకున్నాడు. "ఆఁ, పోనాది! పరుగు టీములో ఉండగా పోనాది. నొప్పంతే ఎవుడిన్నాడు? నాటకాలన్నారు. వానలో మోకాళ్ల మీద నడిపించేరు. నాకు ఎవుడిచ్చేడే రెస్టు? నాను ఓర్సుకోలేదా? నోరు మూసుకుని రాలేదా? ఈలకేటి అంత సుకం?"

ధనశ్రీకి అప్పుడు అంతా అర్థమైంది. కానీ అర్థమైనందుకు కోపం చల్లారలేదు, ఇంకా రాజుకుంది. తెలియక చేశాడనుకుంటే పోనీలే అనుకోవచ్చు. ఈయనకి ఆ నొప్పి తెలుసు. తెలిసే చేశాడు.

"నీ కాలు ఇరగ్గొట్టినోలని తిట్టు మావయ్యా" అంది. "నాను కూడా నీతో పాటు తిడతాను. అంతేగాని ఆ కసి మా కాళ్ల మీద తీర్సుకోకు. నాను పరిగెట్టను. ఆ ఇంజెక్సను నువ్వే పొడుసుకో."

సత్తిరాజు బండి తీసుకుని వెళ్లిపోయాడు. టేపు, స్ప్రే అరుగు మీదే ఉండిపోయాయి. కాసులమ్మ వాటిని తీసి పెంటకుప్ప మీద పారేసింది. ఆ రోజు నుంచి సూర్యనారాయణ కూతురితో మాట్లాడటం మానేశాడు.

పరీక్ష రోజున ఆయన చద్దన్నం కూడా తినకుండా తోటకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఇందు ఫోను చేసింది. "అయిపోనాదే! పరుగు, జంపు, అన్నీ క్వాలిఫై!" అవతల గోలగోలగా ఉంది, ఇందు ఏడుస్తూ నవ్వుతోంది. "మంచిది" అని ధనశ్రీ ఫోను పెట్టేసి, దాన్ని మంచం మీదికి విసిరికొట్టింది. ఆదివారాలు పడుకున్నది పాసైంది, ఒక్కరోజు మానని తను కాలికి పట్టీతో పశువులశాల వాసన పీలుస్తూ కూర్చుంది. న్యాయంగా చూస్తే ఇందు తప్పేమీ లేదు. ఆ న్యాయం ఆ పూట ఆమెకి అక్కర్లేకపోయింది. తర్వాత ఇందు ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు.

ఏమీ చెయ్యకుండా ఉండటం ఎంత కష్టమో ధనశ్రీకి ఆ రోజుల్లో తెలిసింది. విశ్రాంతి అంటే సుఖం అనేవాళ్లని పట్టుకొచ్చి ఈ మంచం మీద కట్టి పడేయాలనిపించేది. కాసులమ్మ ఆమె కోపాన్ని లెక్కచెయ్యలేదు. పొద్దున రాగిపిండితో కాచిన చోడంబలి, మధ్యాహ్నం చేపల కూర, గుడ్లు. వద్దంటే కంచం అక్కడే పెట్టి వెళ్లిపోయేది. మెల్లగా ఆకలి పుట్టింది. తర్వాత నిద్ర వచ్చింది, అదీ మామూలు నిద్ర కాదు. పగలు కూర్చున్నచోటే కళ్లు వాలిపోయేవి. ఒళ్లు ఇంత అలిసిపోయి ఉందని ఆమెకే తెలియదు. ఒకరోజు నెలసరి మళ్లీ వచ్చినప్పుడు, పెరట్లో నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. నా ఒంటిని నా చేతే ఇంత హింస పెట్టించారు కదా అని.

డాక్టరమ్మ మొదట నడవమంది. ఊరి పక్క ఆవ చెరువు గట్టు వెంట, తామరాకుల మీద కొంగలు వాలుతుండగా, నడిచింది. తర్వాత నెమ్మదిగా పరుగు. ఒకరోజు గట్టిగా, మర్నాడు తేలిగ్గా, వారంలో ఒకరోజు బూట్లు ముట్టుకోవడమే లేదు. అన్నిటికన్నా కష్టమైంది ఆగడం. ఇంకా పరిగెత్తగలను అనిపిస్తున్నప్పుడు ఆగమని చెప్పింది డాక్టరమ్మ. మొదట్లో ప్రతిసారీ ఆగి, గట్టు మీద రాయిని తన్నేది. చెరకు నరికే కొట్టుళ్లు మొదలయ్యేసరికి ఒక పొద్దున తన పాత రికార్డు కన్నా తక్కువ టైములో పరుగు ముగించి, ఇంకా ఊపిరి మిగిలి ఉందని గమనించి తెల్లబోయింది. అంటే ఇన్నాళ్లూ ఈ బలం తనలోనే ఉంది. ఊపిరి తీసుకోనివ్వక దాన్ని తొక్కిపెట్టారు.

చివరిసారి డాక్టరమ్మకి కాలు చూపించడానికి బస్సులో అనకాపల్లి వెళుతుంటే, నాలుగు రోడ్ల జంక్షన్‌లో ఫ్లెక్సీ కనబడింది. ఇందు ఫొటో. దాని పక్కన ఇందు కన్నా రెండింతలు పెద్దగా సత్తిరాజు ఫొటో. కింద ఎర్ర అక్షరాలు: "ఒక్కరోజు కూడా సెలవు లేని శిక్షణ! అదే మా విజయం!"

ధనశ్రీ కేక వేసి బస్సు ఆపించి దిగింది. అన్నాళ్ల తర్వాత మొదటిసారి ఇందుకి ఫోను చేసింది.

"నీ ఫొటో ఎట్టుకున్నాడు సూసేవేటే?"

"ఎవరో పంపితే సూసేను. తియ్యమని ఫోన్ సేత్తే నవ్వేడు." ఇందు ఒక్క క్షణం ఆగింది. "బతికే ఉన్నావన్నమాట! ఇన్నాళ్లకి గుర్తొచ్చేనా?"

"తిడుదువుగాని, తర్వాత. ముందు ఈయన సంగతి సూసొత్తాను."

గ్రౌండు దాకా నడిచిన దారంతా మాటలు కూర్చుకుంది. అబద్ధాలకోరు అనాలి, అందరి ముందు అనాలి, ఆయన బ్యాచి మొత్తం వినేలా ఆదివారాల సంగతి చెప్పాలి. గేటు దాటి లోపలికి అడుగుపెట్టేసరికి ఆ మాటలన్నీ ఎగిరిపోయాయి.

ట్రాక్ మీద ఒక పిల్ల ఒంటరిగా పరిగెడుతోంది. పొట్టిగా, నల్లగా, గట్టిగా ఉంది. కింది పెదవి పళ్లతో నొక్కిపెట్టి, కుడికాలు నేలకి పూర్తిగా ఆనకుండా ఎత్తెత్తి వేస్తోంది.

"మహాలక్ష్మీ! ఏటా నడక? ఇంకో రౌండు!" సత్తిరాజు అరుపు.

ధనశ్రీ ట్రాక్‌కి అడ్డంగా వెళ్లి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. పట్టుకుని పక్కనున్న గడ్డిలోకి లాగింది.

"ఓలమ్మో! ఎవులప్పా నువ్వు? ఒగ్గు! సారు సూత్తన్నాడు! నా పేక్టీసు పాడు సేత్తన్నావు!" మహాలక్ష్మి గింజుకుంది, రెండో చేత్తో ధనశ్రీ భుజం మీద కొట్టింది. "మా యమ్మ సేపల తట్ట మోసి నన్ను ఇక్కడ సేర్పించింది! నీకేటి తెలుసు? ఒగ్గు!"

"తిట్టు. ఎంత కావాలంతే అంత తిట్టు. కూకోని తిట్టు." ధనశ్రీ ఆమెని కూర్చోబెట్టి, కాలి ముందెముక మీద బొటనవేలితో నొక్కింది. మహాలక్ష్మి కీచుమని అరిచింది.

సత్తిరాజు దూసుకొచ్చాడు. "ఎవులడిగి లోపలికొచ్చేవే? ఇది నా గ్రౌండు!"

"గ్రౌండు నీదే. కాలు ఈ పిల్లది." ధనశ్రీ లేచి నిలబడింది. "నాను నీ ఫ్లెక్సీ గురించి దెబ్బలాడదామని వచ్చేను. ఇప్పుడు అది కాదు. ఈ పిల్ల నడక సూడు మావయ్యా. అది బద్దకమో నొప్పో ఇక్కడ ఎవులికి తెలీకపోయినా నీకు తెలీదా?"

అతను మహాలక్ష్మి కాలి వైపు చూశాడు. చూపు అక్కడే నిలిచిపోయింది. ఒక్కసారిగా వెనక్కి తిరిగి, ఆగిపోయి చూస్తున్న అమ్మాయిల మీద విరుచుకుపడ్డాడు. "ఏటి సూత్తన్నారు? పరిగెట్టండి!"

కొందరు పరిగెత్తారు. ఇద్దరు ముగ్గురు పరిగెత్తలేదు. వచ్చి మహాలక్ష్మి పక్కన కూర్చున్నారు. అందులో ఒకతె మెల్లగా తన బూటు విప్పి, మడమ చూసుకుంది.

ధనశ్రీ మహాలక్ష్మిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఎముక ఇంకా పగలలేదు. ఇంకొన్నాళ్లైతే పగిలేదని చెప్పింది ఆవిడ. మహాలక్ష్మి తిరుగు ఆటోలో తన ఊరు పూడిమడక చేరేదాకా ధనశ్రీ వైపు తిరగలేదు. కోపంగా సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. ధనశ్రీ కూడా మాట్లాడించలేదు. తనకి ఆ కోపం తెలుసు.

తర్వాత వచ్చిన పరీక్షలో ఇద్దరూ పరిగెత్తారు, ఇద్దరూ గీత దాటారు. సూర్యనారాయణ కొండకర్లలో అందరికీ స్వీట్లు పంచి, కూతురికి మాత్రం ఇవ్వడానికి మొహం చెల్లక, డబ్బా మంచం మీద పెట్టి తోటకి వెళ్లిపోయాడు. ఆమె ఒకటి తీసుకుని తింది. సత్తిరాజు గ్రౌండుకి ఆదివారం తాళం పడుతోందని, అడిగితే గడ్డి పీకిస్తున్నానని చెబుతున్నాడని ఎవరో అన్నారు. కాసులమ్మ అది విని, "మారేడే పాపం, ఒకసారి ఎల్లి పలకరించు" అంది.

"ఎల్లను" అంది ధనశ్రీ. వెళ్లలేదు కూడా.